పళ్లు అరిగాయంటే పేస్టు మార్చమంటే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఈటింగ్ డిజార్డర్ల గురించి, అంటే తిండితో ముడిపడిన మానసిక జబ్బుల గురించి, ఆరోగ్యం పేజీల్లో ఇప్పుడు బాగానే రాస్తున్నారు. కానీ ఆ వ్యాసాలన్నీ బరువు చుట్టూనే తిరుగుతున్నాయి. బక్కచిక్కిన మనిషి బొమ్మ, బరువు తూచే మిషను, కింద నాలుగు జాగ్రత్తలు. నోటి ఊసే ఉండదు. దంత వైద్యురాలిగా నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తోంది. ఈ జబ్బుల్లో బులిమియా చాలామందిలో బరువును బట్టి తెలియదు. పళ్లను చూస్తే తెలుస్తుంది.

బులిమియాను విడి జబ్బుగా గుర్తించి 1979లో దానికి పేరు పెట్టింది జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు. ఇది ఉన్నవాళ్లు అదుపు లేకుండా తినేసి, ఆ వెంటనే భయంతోనో సిగ్గుతోనో బలవంతంగా కక్కేస్తుంటారు. చూడటానికి మామూలుగానే ఉంటారు, నలుగురితో కలిసి భోంచేస్తారు. ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. అమ్మాయిలకే వస్తుందన్న నమ్మకం ఒకటుంది కాబట్టి అబ్బాయిల విషయంలో ఆ అనుమానం అసలే రాదు. మా దగ్గరికి మాత్రం చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయంటూ వస్తారు.

అద్దం పెట్టి చూస్తే పై ముందుపళ్లకు నాలుక వైపు ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) పలచబడి, మరీ నున్నగా ఉంటుంది. లోపలి పసుపు పొర బయటపడుతూ ఉంటుంది. అంచులు గాజుముక్కల్లా పెళుసుబారి విరుగుతుంటాయి. పాత ఫిల్లింగ్ అలాగే ఉండి చుట్టూ ఉన్న పన్ను అరిగిపోవడంతో, ఆ ఫిల్లింగే ఎత్తు పెరిగిందా అనిపిస్తుంది. కింది పళ్లకు ఇంత నష్టం ఉండదు, వాంతి వచ్చేటప్పుడు నాలుక వాటికి అడ్డుగా ఉంటుంది. మామూలు పుచ్చు ఇలా ఉండదు, గట్టిగా బ్రష్ చేయడం వల్ల వచ్చే అరుగుదలా ఇలా ఉండదు.

ఇది కడుపులోని ఆమ్లం చేసే పని. ఆమ్లం ఘాటును పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితేనే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కడుపులోంచి వచ్చే ఆమ్లం పీహెచ్ 1కీ 3కీ మధ్య ఉంటుంది. లాలాజలం కొంతవరకు సర్దుబాటు చేస్తుంది గానీ, పదేపదే వాంతులు చేసుకునేవాళ్లలో ఒంట్లో నీరు తగ్గి నోరే ఎండిపోతుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండగడతాయి. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచాక మిగలవు. పోయిన ఎనామిల్ పోయినట్టే. ఏ పేస్టూ దాన్ని మళ్లీ మొలిపించలేదు, ప్రకటనలు ఏం చెప్పినా సరే.

ఇంకో గుర్తు చెవుల కింద వాపు. లాలాజల గ్రంథులు నొప్పి లేకుండా ఉబ్బుతాయి. చూసినవాళ్లు గవదబిళ్లలు అనుకుంటారు. ఆ మనిషి మాత్రం అద్దంలో చూసుకుని మొహం లావెక్కిందనుకుంటుంది, ఇంకాస్త కఠినంగా కడుపు మాడ్చుకుంటుంది, ఇంకొన్నిసార్లు కక్కుతుంది. ఈ విషవలయం గురించి ముందే చెప్పేవాళ్లు ఉండాలి.

తిండి బాగా తగ్గించేసే అనోరెక్సియాలో సమస్య వేరు. ఐరన్, బి విటమిన్లు తగ్గి నోటిపూత, నాలుక మంట, పెదాల మూలల్లో పగుళ్లు వస్తాయి. ఆకలి చంపుకోవడానికి చక్కెర లేని కూల్‌డ్రింకులు రోజంతా తాగేవాళ్లూ ఉన్నారు. చక్కెర లేకపోవచ్చు, ఆమ్లం ఉంటుంది. వాంతులు లేకుండా అతిగా తినేవాళ్లకు తీపి తిండి వల్ల పుచ్చులు ఎక్కువవుతాయి.

నా అసలు ఫిర్యాదు మా వృత్తి మీదే. ఇలాంటి నోరు కనిపిస్తే చాలామంది సెన్సిటివిటీ పేస్టు రాసిచ్చి పంపేస్తారు. లేదా తల్లి ఎదుటే "వాంతులు చేసుకుంటున్నావా?" అని అడుగుతారు. రెండూ తప్పే. అరిగిన పన్ను చూడగానే బులిమియా అని తేల్చేయకూడదు కూడా. అసిడిటీతో ఆమ్లం గొంతులోకి తన్నుకొచ్చేవాళ్లకు, గర్భిణిగా వాంతులు ఎక్కువైనవాళ్లకు ఇదే అరుగుదల రావచ్చు. పేషెంటును ఒంటరిగా కూర్చోబెట్టి, "ఈ పళ్లకు తరచూ ఆమ్లం తగులుతున్నట్టుంది. గుండెల్లో మంట గానీ వాంతులు గానీ ఉన్నాయా?" అని మామూలుగా అడగొచ్చు. మొదటిసారే చెప్పకపోవచ్చు. రెండోసారి వచ్చే దారి మిగలాలంటే గొంతులో తీర్పు వినపడకూడదు.

ప్రతి దంత వైద్యశాలలో పేషెంటుతో విడిగా మాట్లాడే వీలుండాలి, ఎవరి దగ్గరికి పంపాలో ముందే తెలిసుండాలి. తరచూ వాంతులు చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి పంటి డాక్టరు పంటికే పరిమితమై ఊరుకుంటే కుదరదు. అలాగే వాంతులు ఆగకముందే ఖరీదైన క్యాపులు వేయడం పేషెంటు డబ్బు వృథా చేయడమే. క్యాపు అంచు దగ్గర అసలు పన్ను కరుగుతూనే ఉంటుంది. అప్పటిదాకా తాత్కాలిక పూతతో పన్నును కాపాడుతూ, మానసిక వైద్యుడితో కలిసి పనిచేయాలి. వాంతులు అదుపులోకి వచ్చాక శాశ్వతమైన పని మొదలుపెట్టవచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈ జబ్బుల మీద ఈసారి వ్యాసం వేసేటప్పుడు పక్కనే ఒక చిన్న పెట్టె కట్టి ఇది వేయండి: వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు. ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌తో ఊడిపోతుంది. నీళ్లతోనో, చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతోనో పుక్కిలించి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. వాసన తెలియకూడదని వెంటనే తోముకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఈ మాట ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు, పత్రికలో చదువుతారు.

ఇట్లు,
ఒక దంత వైద్యురాలు