డబ్బు ఇచ్చినవాళ్లకి, ఖర్చు ఆపినవాళ్లకి

అందరికీ నమస్కారం. మా పాప కోసం సాయం అడిగినప్పుడు ముందుకొచ్చిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాద్దామనుకున్నాను. థెరపీ, మందులు, పాపకి తినిపించడం, నిద్రపుచ్చడం పోను మిగిలే టైములో అది అయ్యే పని కాదని తేలిపోయింది. అందుకే ఇక్కడే అందరికీ కలిపి చెబుతున్నాను. ఇచ్చిన డబ్బుకి లెక్క చెప్పాలి కదా, అదీ ఇందులోనే.

పాపకి సెరిబ్రల్ పాల్సీ. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెదడు ఇంకా ఎదిగే దశలో ఉండగా తగిలిన దెబ్బ ఇది. దానివల్ల కూర్చోవడం, నిలబడటం, చెయ్యి చాపి ఒక వస్తువు అందుకోవడం లాంటివాటి మీద అదుపు రాదు. మెదడులోని ఆ దెబ్బ పెరగదు. కానీ పిల్ల పెరుగుతుంది. ఎముక పొడుగవుతుంటే బిగుసుకున్న కండరం దానితోపాటు సాగదు. ఖర్చంతా అక్కడే ఉంది. పాదం పెరిగిందంటే కాలికి వేసే స్ప్లింట్లు పక్కన పెట్టి మళ్లీ కొలతలిచ్చి కొత్తవి చేయించాలి. కండరం బిగుతు తగ్గడానికి వేసే బొటాక్స్ ఇంజెక్షన్ ప్రభావం కొన్ని నెలలే. తుంటి కీలు పక్కకి జరుగుతోందేమో, నొప్పి లేకపోయినా సరే, ఎక్స్‌రే తీయించి చూస్తూ ఉండాలి. కదలికని బట్టి పిల్లల్ని ఐదు స్థాయిలుగా చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ అనే పద్ధతి 1997లో వచ్చింది. మా పాపది అందులో నాలుగు. అంకె పెరిగేకొద్దీ కదలిక తక్కువ, తుంటికి ప్రమాదం ఎక్కువ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆపరేషన్ అంటే జనం వెంటనే ఇస్తారు. స్ప్లింట్లు అంటే, అదీ మళ్లీ స్ప్లింట్లు అంటే, ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు. తప్పుపట్టడం లేదు, నేనైనా అంతే. అందుకే నెలనెలా కొద్దికొద్దిగా, గుర్తు చేయకుండానే వేస్తూ వచ్చినవాళ్లకి ముందుగా దణ్ణం పెడుతున్నాను. మీ డబ్బుతో స్ప్లింట్లు రెండోసారి మార్చాం, ఎక్స్‌రేలు తీయించాం, తల నిలిపే ఆసరా ఉన్న చక్రాల కుర్చీ కొన్నాం. మిగిలింది వేరే ఖాతాలో ఉంది. తర్వాతి స్ప్లింట్లకి తప్ప దాన్ని ముట్టుకోం.

ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరుంటారని మాకు తెలియదు. చాలామందికి తెలియదనుకుంటా. మీ ఆసుపత్రిలో ఉన్నారేమో కనుక్కోండి. మాకు దొరికిన ఆవిడ ఒక్క రూపాయి ఇవ్వలేదు, కానీ ఆవిడ చేసిన మేలుకి వెల కట్టలేను. సాయం కోసం పెట్టిన మా దరఖాస్తులో "సెరిబ్రల్ పాల్సీ ఉంది" అని రాసుంటే కొట్టేయించారు. ఒక్కతే కూర్చోలేదని, ముద్ద మింగడానికి ఎంతసేపు పడుతుందని, రాత్రి నిద్రలో ఎవరో ఒకరు లేచి పక్క మార్చాలని రాయించారు. జబ్బు పేరు చూసి కాదు, పిల్లకి ఎంత సాయం కావాలో చూసి నిర్ణయిస్తారట. బాగున్న రోజు కాదు, కష్టంగా గడిచిన రోజు ఎలా ఉంటుందో రాయమన్నారు. కన్నబిడ్డ గురించి అలా రాయడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుస్తుంది. ఒకచోట దరఖాస్తు తిప్పి పంపితే కారణం కాగితం మీద ఇమ్మని అడిగించి, గడువు దాటకుండా అప్పీలు పెట్టించింది కూడా ఆవిడే.

ఒకసారి మేం మొహమాటపడుతుంటే ఆవిడ చెప్పిన మాట ఇక్కడ రాయాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 23వ అధికరణం ఉంది. వైకల్యం ఉన్న పిల్లలకి అందించే సాయం, తల్లిదండ్రుల ఆర్థిక స్థితిని కూడా చూసి, వీలైనప్పుడల్లా ఉచితంగా ఉండాలంటుంది. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 28వ అధికరణం, పేదరికంలో ఉన్న కుటుంబాలకి వైకల్యం వల్ల అయ్యే ఖర్చుల్లో ప్రభుత్వం సాయపడాలని చెబుతూ, చూసుకునేవాళ్లకి కొంత విరామం దొరికే ఏర్పాటుని కూడా అందులో చేర్చింది. అమలు ఎక్కడ ఎలా ఉందన్నది వేరే సంగతి. కానీ అది విన్నాక కౌంటరు ముందు మా గొంతు కాస్త లేచింది.

ఇక ఖర్చు ఆపినవాళ్ల మాట. పిల్లకి ఇలా ఉందని తెలియగానే ఎక్కడెక్కడి నుంచో వైద్యాల లింకులు వస్తాయి. పంపేవాళ్లది ప్రేమే. మాకు వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు ఒంట్లోకి ఎక్కించే స్టెమ్ సెల్ ప్యాకేజీ ఒకటి, ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించే హైపర్‌బారిక్ ఆక్సిజన్ ఒకటి వచ్చాయి. వాటికోసం అప్పు ఇస్తామన్నవాళ్లు కూడా ఉన్నారు. తల్లిదండ్రుల గ్రూపులో అడిగితే ఎవరూ కసురుకోలేదు, నవ్వలేదు. ఒక అన్నయ్య ఓపిగ్గా చెప్పారు. స్టెమ్ సెల్స్ మీద పరిశోధన జరుగుతోంది కానీ సెరిబ్రల్ పాల్సీకి అది ఇంకా రుజువైన వైద్యం కాదు. పరిశోధన పేరు చెప్పి పెద్ద మొత్తం కట్టమంటే అక్కడే అనుమానించాలి. ఇక హైపర్‌బారిక్ ఆక్సిజన్‌ని, కాస్త ఒత్తిడితో మామూలు గాలి ఇచ్చిన పిల్లలతో పోల్చి చూస్తే అదనపు మేలేమీ కనబడలేదట. ఆ డబ్బు మా దగ్గరే ఉండిపోయింది. అందరూ ఇచ్చినదానికంటే అది ఎక్కువేనేమో!

ఆ అన్నయ్యే తర్వాత పాపకి మూల కుర్చీ, అంటే గది మూలలా వీపుకీ రెండు పక్కలకీ ఆసరా ఇచ్చే కుర్చీ, చేసిచ్చారు. అట్టలు పొరలు పొరలుగా అతికించి, కాగితం, పిండి జిగురు పట్టించి, ఎండబెట్టి, వార్నిష్ వేసి. ఇది జింబాబ్వేలో మొదలైన పద్ధతని ఆయన చెబితేనే తెలిసింది. కొలతలు మా థెరపిస్టు ఇచ్చారు. పాప బరువుకి ఇప్పటికీ రాయిలా ఉంది.

పక్కింటి పిన్నిగారి గురించి రాయకుండా ఉండలేను. "ఏం కావాలన్నా అడగండి" అని చాలామంది అన్నారు. మంచి మాటే, కానీ దానికి జవాబు వెతుక్కోవడం కూడా అలసటే. పిన్నిగారు అలా అనలేదు. "గురువారం సాయంత్రం పాప దగ్గర నేనుంటాను, మీరు బయటికెళ్లండి" అన్నారు. ముందు తినిపించడం నేర్చుకున్నారు. పాపని నిటారుగా కూర్చోబెట్టడం, తల వెనక్కి వాలకుండా చూడటం, చిన్న చెంచాతో పెట్టి మింగేదాకా ఆగడం. మా అమ్మకి నేర్పడానికి పట్టినంత సేపు కూడా ఆవిడకి పట్టలేదు, అమ్మ ఇది చదివితే కోప్పడకూడదు. మా పెద్దాడిని ఆటకి తీసుకెళ్తున్న నా ఆఫీసు స్నేహితురాలికి కూడా ఇక్కడే థాంక్స్. వాడు అడగడం మానేశాడని మాకంటే ముందు ఆమే గమనించింది.

ఇంకొక్క సంగతి. పాప నిలబడటానికి వాడిన స్టాండింగ్ ఫ్రేము ఇప్పుడు తనకి పొట్టిదైపోయింది. అది మాకు గ్రూపులో ఒక బాబు దగ్గర నుంచి వచ్చింది. పాత స్ప్లింట్లయితే ఆ కాలికి తప్ప ఎవరికీ పనికిరావు, ఫ్రేము అలా కాదు. కావాల్సినవాళ్లు ముందు మీ థెరపిస్టుని అడిగి, ఫ్రేముకి కావాల్సిన పిల్ల కొలతలన్నీ తీయించుకుని నాకు మెసేజ్ పెట్టండి. ఛాతీ పట్టీకి వెల్క్రో అరిగింది, మార్పించి ఇస్తాను. మోకాళ్ల దగ్గర మెత్తలు బాగానే ఉన్నాయి.