అయోవాలో ఇంతకీ గెలిచిందెవరు?

సంపాదకుడికి,

అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల వార్తలు మన పత్రికల్లోనూ ప్రముఖంగానే వస్తున్నాయి. రావాల్సిందే, అక్కడ ఓటున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. కానీ తెల్లారేసరికల్లా ‘ఫలానా రాష్ట్రం ఫలానా వారిదే’ అని తేల్చేసే శీర్షికలే మింగుడుపడటం లేదు.

2012 జనవరి 3న అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్ల కాకస్‌లు, అంటే అభ్యర్థిని ఎంచుకునే స్థానిక సభలు జరిగాయి. జనం బడి గదుల్లో, చర్చి హాళ్లలో కూర్చుని చీటీల మీద పేర్లు రాసిచ్చారు. మొత్తం లక్షా ఇరవై వేల పైచిలుకు ఓట్లు. మిట్ రామ్నీ 8 ఓట్లతో గట్టెక్కారని మర్నాటికల్లా ఊరూవాడా చాటారు. మన దగ్గర పంచాయతీ వార్డులో ఎనిమిది ఓట్ల తేడా వస్తే రీకౌంటింగ్ పెట్టేదాకా ఎవరూ కదలరు. అక్కడ మాత్రం కెమెరాలన్నీ తర్వాతి పోటీ జరిగే న్యూహాంప్‌షైర్‌కు తరలిపోయాయి. 10న అక్కడా రామ్నీయే నెగ్గి, వరసగా రెండు గెలిచిన మొనగాడయ్యారు. తీరా 19న సరిచూసిన లెక్క బయటపెడితే అయోవాలో 34 ఓట్లు ఎక్కువొచ్చింది రిక్ శాంటోరమ్‌కు! ఎనిమిది కేంద్రాల కాగితాలైతే దొరకనే లేదు. అప్పటికి ఆ వార్త ఎవరికి కావాలి?

కథ అక్కడితో అయిపోలేదు. ఆ చీటీలకు డెలిగేట్లు, అంటే పార్టీ జాతీయ సభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు, కట్టుబడాలన్న నియమమే అప్పుడు లేదు. వాళ్లను తర్వాత కౌంటీ, జిల్లా, రాష్ట్ర సభల్లో ఎన్నుకున్నారు. టీవీలు తొంగి చూడని ఆ సభల్లో ఓపిగ్గా పట్టు సాధించింది మూడో స్థానంలో నిలిచిన రాన్ పాల్ మనుషులు. ఆగస్టులో టాంపా జాతీయ సభలో అయోవా 28 ఓట్లలో 22 ఆయనకే పడ్డాయి.

ఎవరు ముందున్నారో రాయొద్దనడం లేదు. అయితే ప్రైమరీల్లో ‘గెలిచారు’ అన్న పేరు వస్తే చాలు, విరాళాలూ ప్రచారమూ వాటంతటవే వచ్చిపడతాయి. ఓడారంటే దాతలు మొహం చాటేస్తారు. శాంటోరమ్‌కు ఆ రెండు వారాలూ ఎవరు తిరిగిస్తారు?

2024లో మరీ విడ్డూరం. అయోవా కాకస్‌లు మొదలైన అరగంటకే, కొన్నిచోట్ల ఇంకా చీటీలు రాస్తుండగానే, ట్రంప్ గెలిచారని ప్రకటించేశారు. ఆయన గెలిచిన మాట నిజమే, సగానికి పైగా ఓట్లతో. అంతమాత్రాన వరసలో ఉన్నవాడి ఓటుకు విలువ లేదా? చివరి విడత పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ వెయ్యకూడదని మనకు చట్టంలో 126ఏ సెక్షన్ ఉంది. అది ఎంత మేలో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

మీకో మనవి. ప్రైమరీ వార్త వేసినప్పుడు ఎవరికెన్ని డెలిగేట్లు వచ్చారో, అభ్యర్థిత్వానికి ఎందరు కావాలో, ఆ రాష్ట్రంలో ఓట్ల దామాషాలో పంచుతారో లేక మొదటివారికే మొత్తం కట్టబెడతారో శీర్షిక కిందే వెయ్యండి. అధికారిక లెక్క వచ్చేదాకా ‘ఆధిక్యం’ అనే రాయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు