తవ్వకాలకు ముందే సొరపిల్లల లెక్క తీయండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడ అఖాతంలో, కోరింగ మడ అడవుల అంచుల్లో తిరిగే సొరపిల్లలకు ట్యాగులు (గుర్తు బిళ్లలు) వేసి, కొన్నేళ్లపాటు వాటి జాడ కనిపెట్టే పని మీ శాఖ చేపట్టాలని కోరుతున్నాను.

మన రేవుల్లో చేపల వేలంపాట జరిగేచోట మూరెడు సొరలు కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని జాతులు ఎంత పెరిగినా అంతే. కానీ రొమ్ము రెక్కల మధ్య బొడ్డు గాయం ఇంకా మానని పిల్ల దొరికితే సంగతి వేరు. ఆ గాయం కొద్ది వారాల్లోనే పూడిపోతుంది. అంటే తల్లి ఈనిన చోటు దగ్గర్లోనే ఉందన్నమాట. మిగతా చేపల్లా సొర లక్షల గుడ్లు పెట్టదు. సుత్తితల సొర ఒక ఈతకు డజను నుంచి నలభై దాకా పిల్లల్ని కంటుంది, ఆ ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది.

బహామాస్‌లోని బిమిని దీవుల్లో ఏం జరిగిందో మీరు వినాలి. అక్కడి మడల మధ్య పెరిగే నిమ్మ సొర (లెమన్ షార్క్) పిల్లలకు సొరల శాస్త్రజ్ఞుడు శామ్యూల్ గ్రూబర్ బృందం ఏటా ట్యాగులు వేసింది. 1993-97 మధ్య పుట్టిన ఆడపిల్లల్లో కొన్ని 14 నుంచి 17 ఏళ్ల తర్వాత అక్కడికే వచ్చి ఈనాయి. అదే చోట 2001లో రిసార్టు కోసం డ్రెడ్జింగ్ చేసి సముద్రపు అడుగు తవ్వాక, ఏడాది నిండని పిల్లల్లో బతికేవాటి సంఖ్య తగ్గింది. తవ్వకానికి ముందునుంచీ ట్యాగుల లెక్క ఉండబట్టే ఆ నష్టం బయటపడింది. మన అఖాతంలోనూ ఓడరేవు కోసం పూడిక తీస్తూనే ఉన్నారు. ముందటి లెక్క లేకపోతే, రేపు ఏం పోగొట్టుకున్నామో ఎవరూ చెప్పలేరు. నా ఆరాటమంతా దీని గురించే.

ఒకచోట నాలుగు పిల్లలు దొరికినంత మాత్రాన దాన్ని సొరల పురిటిచోటు అనలేం. పక్క ప్రాంతాలకన్నా అక్కడ పిల్లలు ఎక్కువగా ఉండాలి, చాలాకాలం అక్కడే మసలాలి, ఏటేటా అదే చోటు వాడుకోవాలి. 2007 నుంచి శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ కొలతగా తీసుకుంటున్నారు. చివరి రెండూ ట్యాగులు లేకుండా తేల్చడం కష్టం. వీపు రెక్కకు వేసే నంబరు బిళ్ల చవకైనదే. శబ్దం పంపే ట్యాగులకు, వాటిని వినే రిసీవర్లకు ఖర్చు ఎక్కువ, కాబట్టి అవి కొన్ని చాలు. వల మాత్రం ఎక్కువసేపు నీళ్లలో ఉంచకూడదు. సుత్తితల సొర వలలో చిక్కితే త్వరగా చచ్చిపోతుంది.

ఈ పని మత్స్యకారుల చేతుల మీదుగానే జరగాలి. పిల్లలు ఏ నెలలో ఏ లోతులో పడతాయో సరంగుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వల్ల బోట్లు కట్టేసి ఉంటాయి. ఆ 61 రోజులు ప్రత్యేక అనుమతితో వారిని ఈ సర్వేకు పెట్టుకుని కూలి ఇవ్వండి. మిగతా నెలల్లో ట్యాగున్న సొర వలలో పడితే నంబరు, పొడవు, పడిన చోటు చెప్పినవారికి బహుమతి ఇవ్వండి. చెప్పినందుకు కేసు ఉండదని రాతపూర్వకంగా హామీ కూడా ఇవ్వండి. భయపడితే ఒక్క ట్యాగూ వెనక్కి రాదు.

సొర తినొద్దని నేను అనడం లేదు. సొరపుట్టు మన కోస్తా ఇళ్లలో వండుకునేదే, బాలింతకు పాలసొర పెట్టడం మన ఆనవాయితీ. 2013 నుంచి రెక్కలు కోసి ఒడ్డుకు తేవడం నిషేధం, 2015 నుంచి రెక్కల ఎగుమతీ నిషేధమే. అవన్నీ సొర పట్టుబడ్డాక వర్తించే నియమాలు. పిల్లలు పెరిగేచోట ఏ నెలల్లో వల వేయకూడదో నిర్ణయించాలంటే ముందు ఆ చోటు తెలియాలి.

విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కేంద్రం, కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నాయి. కోరింగ అభయారణ్యం అటవీశాఖది కనుక వారి అనుమతీ కావాలి. ఈ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేది మీరే. వచ్చే నిషేధకాలం మొదలయ్యేలోగా ఉత్తర్వు ఇప్పించండి. మత్స్యకార సంఘాల ప్రతినిధుల్ని కూడా తొలి సమావేశానికే పిలవండి.

ఇట్లు,
కాకినాడ తీరవాసి