మార్చి రాగానే ఆ పుస్తకాలు స్టోర్ రూమ్‌కేనా?

మా స్కూల్ డిస్ట్రిక్ట్ లైబ్రరీల డైరెక్టర్ గారికి,

నమస్కారం. అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసమని ఫిబ్రవరి అంతా మా పిల్లల లైబ్రరీలో నల్లజాతి కుటుంబాల బొమ్మల పుస్తకాలు కళకళలాడాయి. మార్చి రాగానే టేబుల్ ఖాళీ. అడిగితే, మళ్లీ వచ్చే ఏడాది పెడతారట! పండగ సామాన్లలా అటకెక్కించడమేమిటండీ? ఈ మాసానికి మూలమైన నల్లజాతి చరిత్ర వారాన్ని 1926లో మొదలుపెట్టిన చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ కోరుకున్నది కూడా ఏడాది పొడవునా చదవాలనే.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ బొమ్మల పుస్తకం ‘టార్ బీచ్’ (1991) ఒకసారి తిరగేయండి. న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో డాబా మీద రాత్రి భోజనాలు, పెద్దవాళ్ల పేకాట, పరుపు మీద పడుకుని చుక్కలు చూసే ఎనిమిదేళ్ల క్యాసీ. ఆ పిల్ల జార్జ్ వాషింగ్టన్ వంతెన మీదుగా ఎగిరిపోతుంది. ఆ వంతెన పనిలో వాళ్ల నాన్న చెమట ఉంది. కార్మికుల యూనియన్‌లో మాత్రం నల్లజాతివాడైన ఆయనకు చోటు లేదు. పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతాం? పైగా డాబా మీద పడకలంటే మా తెలుగు పిల్లలకు తాతగారి ఊరే.

వీటిని మామూలు కథల అరలోనే ఎప్పుడూ ఉంచండి. కొత్తవి కొనడానికి, నల్లజాతి రచయితల, చిత్రకారుల పిల్లల పుస్తకాలకు 1970 నుంచి ఇస్తున్న కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డుల జాబితా ఉండనే ఉంది. బానిసత్వం, పోరాటాల పుస్తకాలతోనే ఆపేయకుండా, కూతురికి జడలు వేసే నాన్నలున్నవీ తెప్పించండి. వచ్చే బోర్డు మీటింగ్‌లోనూ ఇదే అడుగుతాను.

ఇట్లు,
రెండో తరగతి పాప తండ్రి