తలుపు మూసుకుందో లేదో రెక్కను అడగాలి, సిలిండర్‌ను కాదు

సంపాదకుల వారికి,

చెన్నై సిటీ బస్సులకు తలుపులు ఉండాలా అన్న చర్చ 2012 డిసెంబరులోనే ముగియాల్సింది. పెరుంగుడి దగ్గర ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఫుట్‌బోర్డుపై వేలాడుతూ వెళ్తున్న నలుగురు విద్యార్థులు చనిపోయారు. విషయం మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. ఫుట్‌బోర్డు ప్రయాణం కుదరదని 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ అంతకుముందు నుంచీ చెబుతూనే ఉంది. ఇప్పుడు గాలితో పనిచేసే తలుపులున్న బస్సులు వచ్చాయి. అయినా సాయంత్రం ఆరింటికి గిండీలో నిలబడి చూడండి, తలుపు బార్లా తెరిచి ఉండగానే బస్సు కదిలిపోతుంది. డ్రైవర్‌ని తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ తలుపు తెరిచి ఉన్నా కదలగలిగే బస్సును కొన్నది ఎవరు?

చాలా తలుపుల్లో, మూసుకుందని చెప్పే స్విచ్ ఉండేది తలుపును నడిపే గాలి సిలిండర్ మీద. పిస్టన్‌లో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది చివరికి చేరగానే బయట బిగించిన రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) కలుస్తుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరిపోతుంది. బిగించడం సులువు, ఖర్చూ తక్కువ. చిక్కల్లా అది పిస్టన్ సంగతే చెబుతుంది, తలుపు రెక్క సంగతి చెప్పదు. రెంటికీ మధ్య లింకు రాడ్డు, బాల్ జాయింట్లు, తిరిగే స్తంభం ఉన్నాయి. బాల్ జాయింట్ అరిగినా, పిన్ను ఊడినా సిలిండర్ పూర్తిగా కదిలిపోతుంది, రెక్క మాత్రం బెత్తెడు తెరిచే ఉంటుంది. దీపం ఆరే ఉంటుంది. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో దీపం చేసిన మోసమూ ఇదే: వాల్వు మూసుకోలేదు, దాన్ని నడిపే విద్యుత్ తీగచుట్టకు (సోలినాయిడ్) కరెంటు ఆగిందని మాత్రమే ఆ దీపానికి తెలుసు. అందుకే సెన్సర్ రెక్క అంచు ఫ్రేమును తాకే చోటే ఉండాలి. మెట్టు కింద వద్దు. వానాకాలం నీళ్ళు నిలిచి కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుం పడుతుంది. పైపట్టీ దగ్గర పెడితే ఆ బెడద ఉండదు.

రెండోది వైరింగ్. తలుపు మూసినప్పుడు సర్క్యూట్ కలవాలి, తెరిస్తే తెగాలి. అప్పుడు వైరు తెగినా, కనెక్టర్ ఊడినా బస్సు ‘తలుపు తెరిచి ఉంది’ అనే అనుకుంటుంది. కారు లోపలి దీపం పద్ధతిలో తలకిందులుగా కలిపితే తెగిన వైరు మూసిన తలుపుతో సమానం. ఇక జంపర్ వైరు సంగతి అందరికీ తెలిసిందే. సెన్సర్ సతాయించిన రోజు బస్సును రోడ్డెక్కించాలి కాబట్టి రెండు వైర్లను మెలిపెట్టి టేపు చుడతారు. ఆ టేపు మళ్ళీ ఊడదు. దీనికి విరుగుడు అదే బస్సులో, డ్రైవర్ కాలి కింద ఉంది. ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్లో రెండు సెన్సర్లుంటాయి, చాలావాటిలో ఒకదాని ఓల్టేజి రెండోదానిలో సగం. ఆ లెక్క తప్పితే ఇంజను వేగం అందుకోదు, అందుకే పెడల్‌ను ఎవరూ షార్ట్ చేయరు. తలుపుకూ ఒకటి కలిసినప్పుడు మరొకటి తెగే రెండు కాంటాక్టులు పెట్టాలి. తెరిచే బటన్ నొక్కిన 5 సెకన్లలోపు రెండూ మారకపోతే లోపంగా నమోదు కావాలి.

జనం కిక్కిరిసినప్పుడు డ్రైవర్ తలుపు మూయడానికి జంకడంలో న్యాయం ఉంది. 63 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్ 6 బార్ల గాలితో దాదాపు 1,870 న్యూటన్ల బలంతో, అంటే 190 కిలోల బరువుతో తోస్తుంది. లింకుల వల్ల రెక్క అంచుకు వచ్చేసరికి అది తగ్గినా చెయ్యి నలగడానికి చాలు. ఐక్యరాజ్యసమితి 107వ వాహన నిబంధన ప్రకారం మూసుకునే అంచుకు ఏదైనా అడ్డుపడితే, అక్కడి బలం 150 న్యూటన్లు దాటకుండానే తలుపు తనంతట తాను మళ్ళీ తెరుచుకోవాలి. రెక్క దారిలో ఆగిపోయిందని కనిపెట్టే సెన్సర్, లేదా రబ్బరు అంచులో గాలి ఒత్తిడి స్విచ్ ఈ పని చేస్తాయి. ఇవి లేకుండా ‘తలుపు మూయనిదే కదలకూడదు’ అని ఆర్డరు వేస్తే నలిగేది చివరి మెట్టు మీది పిల్లవాడి వేళ్ళే.

కదలనివ్వకపోవడంలోనూ ఒక జాగ్రత్త కావాలి. గంటకు 40 కి.మీ. వేగంలో సెన్సర్ చెడిందని బ్రేకు పడితే నిలబడ్డవాళ్ళంతా ముందుకు పడతారు. కాబట్టి యాక్సిలరేటర్‌ను ఆపడం, స్టాప్ బ్రేకు (స్టాపులో బస్సును కదలనివ్వని బ్రేకు) పట్టి ఉంచడం 5 కి.మీ. వేగం లోపే జరగాలి. ఆపైన బజర్ చాలు. వేగం 5 దాటాక తెరిచే బటన్ పనిచేయకూడదు, లోపలి అత్యవసర పిడి మాత్రం గాలి వదిలి ఎప్పుడైనా తలుపును విడిపించాలి.

గాలి గురించి ఒక్క మాట. చెన్నై ఉక్కకు ట్యాంకులో నీళ్ళు త్వరగా చేరతాయి. రోజూ డ్రెయిన్ చేయకపోతే, గాలిలో తేమ పీల్చే డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్చకపోతే నూనె, నీళ్ళు కలిసిన జిగట సోలినాయిడ్ వాల్వును పట్టేస్తుంది. తలుపు సగంలో ఆగితే సెన్సర్‌ను నిందించి ప్రయోజనం లేదు.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తనిఖీలో దీనికి పది నిమిషాలు చాలు. 60 మిల్లీమీటర్ల ఎత్తు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీని తలుపు సందులో అడ్డుపెట్టి మూయాలి, తలుపు వెనక్కి తెరుచుకోవాలి. లింకు పిన్ను తీసి సిలిండర్‌ను నడపాలి, దీపం ఆరకూడదు. సెన్సర్ కనెక్టర్ పీకి యాక్సిలరేటర్ తొక్కాలి, బస్సు కదలకూడదు. దారిలో చెడితే డిపో చేరడానికి, ఈ అడ్డును తప్పించే బైపాస్ స్విచ్ అవసరమే. దానికి సీసం సీలు వేసి, తెగిన ప్రతిసారీ బస్సు నంబరుతో లాగ్‌బుక్‌లో రాయించాలి. కొత్త బస్సుల టెండర్లలో ఈ మూడు పరీక్షలనూ, సీలునూ చేర్చమని రవాణా శాఖను కోరుతున్నాం.

— వాహన విద్యుత్ పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్ళం,
అంబత్తూరు పారిశ్రామికవాడ, చెన్నై