పార్కు పేరు అడిగావు కదా

చిన్నీ,

మొన్న ఫోన్లో, "చెన్నైలో నేను పొద్దున్నే నడవడానికి వెళ్ళే నాగేశ్వరరావు పార్కుకి సినిమా నాగేశ్వరరావు పేరే పెట్టారా అమ్మా?" అన్నావు. బస్సులో ఉన్నావని అప్పుడేమీ చెప్పలేదు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు.

సినిమా ఆయన కాదు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. చిన్నప్పుడు తలనొప్పంటే నీ నుదుటికి రాసేదాన్నే, ఆ అమృతాంజనం ఆయనదే. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. మన జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే. చదువుకీ, కోర్టుపనికీ, అచ్చుపనికీ అందరూ అక్కడికే రైలెక్కేవారు.

నాకు మాత్రం ఆయన పనులన్నిట్లోకీ భారతి ఇష్టం. 1924 జనవరిలో మొదలైన మాసపత్రిక. శాసనాల మీద చర్చ, పద్యం మీద తగువు, కొత్త కథ, అన్నీ ఒకే అట్టల మధ్య. భారతిలో ఒక్కసారి పేరు పడితే చాలనుకునేవారు రాసేవాళ్ళు. చందాల మీదే ఆధారపడితే అలాంటి పత్రిక ఎన్నాళ్ళు నిలుస్తుంది? అమృతాంజనం సొమ్ము వెనకుండి నిలబెట్టింది. ఊరూరా జనం తలనొప్పికి కొన్న సీసాలే మన సాహిత్యాన్ని మోశాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నీకు దగ్గర్లోనే రాయపేటలో ఇంకొకాయన ఉండేవారు, డాక్టర్ కె.ఎన్. కేసరిగారు. మన ఒంగోలు వైపు ఇనమనమెళ్ళూరు ఆయనది. పేదరికంలో పెరిగి, మద్రాసు చేరి, వైద్యం నేర్చి, ఆడవాళ్ళ జబ్బులకు లోధ్ర అనే మందు తయారుచేశారు. 1928లో ఆ ఆడవాళ్ళ కోసమే గృహలక్ష్మి పత్రిక పెట్టారు. గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారద పేరుతో స్నేహితురాలికి రాసినట్టు ఉత్తరాలు రాసేవారు. రచయిత్రులకు కేసరిగారు స్వర్ణకంకణం ఇచ్చేవారు. 1934లో మొదటిది ఆవిడకే. ఆడది రాసిందని బంగారం తొడిగి గౌరవించడం, ఆ రోజుల్లో!

మా అమ్మమ్మకు గృహలక్ష్మి పోస్టులో వచ్చేది. ఏడాదికొక బైండు కట్టించుకుని బియ్యం డబ్బా పక్కన పెట్టుకునేది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ వాటిని పాతకాగితాలవాడికి తూకానికి వేసేశారు. నాకప్పుడు పదహారేళ్ళు. తక్కెడ దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్కటైనా పక్కకు తీసి పెట్టలేదు. ఈ బాధ నాకు పోదు.

అక్కడ పాతపుస్తకాల కొట్టు కనపడితే గృహలక్ష్మి ఉందేమో అడుగు. 1934 బైండు దొరికితే బేరమాడకుండా తీసుకో. డబ్బు నేను పంపుతాను.

వేళకి తిను.

అమ్మ