నియమాల్లో ఉన్నది బడికి రావాలి

సంపాదకులకు,

లైంగిక విద్య మన సంస్కృతికి సరిపడదని ఇప్పటికీ వాదించేవారు, లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే పోక్సో చట్టం కింద కేంద్రం 2020లో తెచ్చిన నియమాలను ఒక్కసారి చదవాలి. పిల్లల వయసుకు తగిన బోధన సామగ్రినీ పాఠ్యప్రణాళికనూ ప్రభుత్వాలు రూపొందించాలనీ, లైంగిక నేరాల నుంచి రక్షణ, ఫిర్యాదు మార్గాలు, పిల్లల కోసం ఉన్న 1098 హెల్ప్‌లైన్ వివరాలు అందులో ఉండాలనీ మూడో నియమం చెబుతోంది. అయితే దాని పరిధి ప్రధానంగా భద్రత వరకే. యుక్తవయసు మార్పులు, రుతుక్రమం, గర్భధారణ గురించి విధిగా బోధించాలని ఆ నియమం చెప్పదు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది కానీ, బొమ్మ గీసి భాగాలు గుర్తించడం, మార్కులు తెచ్చుకోవడం దాటి అది ముందుకు సాగడం అరుదు, కొన్నిచోట్లయితే ‘ఇంట్లో చదువుకోండి’ అనే మాటతోనే అది ముగిసిపోతుంది! అప్పటికే ఆడపిల్లల్లో చాలామందికి రుతుక్రమం మొదలై ఏళ్లు గడిచి ఉంటాయి. తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే ఈ విద్య అందించాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అభిప్రాయపడింది కూడా. నేరం గురించి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో కింద శిక్షార్హమని మన ఉపాధ్యాయుల్లో ఎందరికి తెలుసు? రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ముందుగా వారికి శిక్షణ ఇచ్చి, ఆరో తరగతి నుంచే ఈ బోధనకు టైంటేబుల్‌లో పీరియడ్ కేటాయిస్తూ ఉత్తర్వులివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు